బండి ఎప్పుడొస్తుందని అడగడం మానేశాక

ప్రతి ఆదివారం మా నాన్న తెనాలి నుంచి ఫోన్ చేసి మొదట అడిగే మాట "తిన్నావా?" అని. 2022లో అది మారిపోయింది. "ఏరా, లారీ వచ్చిందా?"

లారీ కాదు నాన్నా, పికప్ ట్రక్కు అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. వెనక తొట్టి ఉండి సామాను పట్టేది ఏదైనా ఆయన లెక్కలో లారీయే. కంప్యూటర్ ఉద్యోగం చేసుకునేవాడికి లారీ ఎందుకన్నది ఆయనకి పట్టుకున్న అనుమానం. "వాడి ఉద్యోగం బాగానే ఉందా అమ్మా?" అని మా ఆవిడని విడిగా అడిగారట కూడా.

ఉద్యోగం బాగానే ఉంది. సమస్య ఎరువు బస్తాలతో వచ్చింది. మేముండేది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. ఇంటి వెనక ఉన్న కాస్త జాగాలో బీర, సొర, గోంగూర, బెండ వేస్తాం. ఏటా మార్చి వచ్చిందంటే మట్టి, ఎరువు, మల్చ్ కలిపి పాతిక ముప్పై బస్తాలు తేవాలి. వాటిని పాత క్యామ్రీ వెనక సీట్లో వేసుకొచ్చేవాణ్ణి. 2021లో ఒక ఎరువు బస్తా సీటు మీదే పగిలింది. వాసన పోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలు మా ఆవిడ ఆ కారెక్కలేదు. మా పాప ఎక్కింది గానీ ముక్కు మూసుకుని ఎక్కింది. అద్దెకి ట్రక్కు దొరక్క కాదు, శనివారం పొద్దున షాపు ముందున్న ఆ ఒక్క ట్రక్కు కోసం నాలాంటివాళ్ళు పదిమంది ఉంటారు.

పెద్ద ట్రక్కు కొనే ఉద్దేశం ఎప్పుడూ లేదు. టెక్సస్‌లో కనిపించే ట్రక్కులు మా గరాజ్‌లో పట్టవు, వాటి ధర నా మనసులో పట్టదు. సరిగ్గా ఆ ఏడాది జూన్ 8న ఫోర్డ్ కంపెనీ మావెరిక్ అనే చిన్న పికప్‌ని చూపించింది. నాలుగు తలుపులు, ఐదుగురికి సీట్లు, వెనక నాలుగున్నర అడుగుల తొట్టి, 1,500 పౌండ్ల బరువు మోస్తుంది. అప్పట్లో మొదలు ధర 19,995 డాలర్లు, రవాణా ఖర్చు 1,495 వేరే. అన్నిటికన్నా విశేషం, ఆ తక్కువ ధర బండిలో వచ్చేదే పెట్రోలుతో పాటు బ్యాటరీ సాయంతోనూ నడిచే హైబ్రిడ్ ఇంజిను. ఉత్త పెట్రోలు ఇంజిను కావాలంటే అప్పుడు అదనంగా డబ్బు కట్టాల్సి వచ్చేది. సాధారణంగా ఎక్కడైనా దీనికి తలకిందులుగా ఉంటుంది. తర్వాత మైలేజీ లెక్కలొచ్చాయి. ఊళ్ళో గ్యాలన్‌కి 42 మైళ్ళు, హైవే మీద 33.

నాన్నకి చెప్తే, "లీటరుకెంత?" అన్నారు.

"ఊళ్ళో పద్దెనిమిది దాకా ఇస్తుంది నాన్నా."

"మన మారుతి ఇంతకంటే ఎక్కువిస్తుంది కదరా."

అక్కడితో ఆ చర్చ ముగిసింది.

నాకు నచ్చిన బండి మిగతా దేశానికీ నచ్చిందని అప్పట్లో అర్థం కాలేదు. తీరిగ్గా ఆలోచించి, దీపావళి అయ్యాక, నవంబర్ చివర ఆర్డరిచ్చాను. ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక డీలర్ దగ్గర 500 డాలర్లు డిపాజిట్ కట్టాను. సేల్స్ కుర్రాడు చాలా చలాకీగా ఉన్నాడు. "మూడు నాలుగు నెలలు, మహా అయితే" అన్నాడు. అతను చెప్పిన ఆ మాటని నేను పట్టుకుని వేలాడాను, అతను మాత్రం చెప్పిన నిమిషానికే మర్చిపోయి ఉంటాడు. నేను కట్టిన రెండు నెలలకి, 2022 జనవరి చివర్లో, ఇక ఆ ఏడాదికి మావెరిక్ ఆర్డర్లు తీసుకోవడం లేదని కంపెనీ చెప్పేసింది. అప్పుడు నేను పొంగిపోయాను కూడా. తలుపు మూసే లోపల లోపలికి దూరేశాను కదా అని.

కార్లలో వాడే కంప్యూటర్ చిప్పుల కొరత సంగతి అప్పటికే అందరికీ తెలుసు. 2020లో కోవిడ్‌తో అమ్మకాలు పడిపోతాయని కార్ల కంపెనీలు చిప్పుల ఆర్డర్లు తగ్గించుకున్నాయి. ఆ జాగాని లాప్‌టాప్‌లు, ఫోన్లు చేసేవాళ్ళు తీసేసుకున్నారు. మళ్ళీ కార్లు అడిగేసరికి ఫ్యాక్టరీల్లో ఖాళీ లేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు పడి కరెంటు పోయినప్పుడు మేం మూడు రోజులు దుప్పట్లు కప్పుకుని గ్యాస్ పొయ్యి మీద ఉప్మా చేసుకు తిన్నాం. అదే చలికి, అదే కరెంటు కోతకి ఆస్టిన్‌లో చిప్పుల ఫ్యాక్టరీలు కూడా ఆగిపోయాయి. మరుసటి నెల జపాన్‌లో కార్ల చిప్పులు చేసే పెద్ద ఫ్యాక్టరీ ఒకటి తగలబడింది. ఇవన్నీ పేపర్లో చదివాను. చదివి కూడా, నా బండి మాత్రం నాలుగు నెలల్లో వచ్చేస్తుందని నమ్మాను.

ఆ నమ్మకంతోనే అసలు తప్పు చేశాను. అప్పుడు పాత కార్లకి రేట్లు ఆకాశంలో ఉన్నాయి. కొత్తవి దొరక్క జనం పాతవాటి మీద పడ్డారు. ఎనిమిదేళ్ళ క్యామ్రీకి నేను కలలో కూడా అనుకోని ధర పలికింది. ఫిబ్రవరిలో అమ్మేశాను. "ట్రక్కు వచ్చాక అమ్మొచ్చు కదండీ" అని మా ఆవిడ అంది. "అప్పటికి రేటు పడిపోతుంది" అన్నాను. రేటు సంగతిలో నేను చెప్పిందే నిజమైంది. మిగతా అన్నిటిలో తను చెప్పింది.

ఒక్క కారుతో ఇల్లు నడపడం హైదరాబాద్‌లో పెద్ద సంగతి కాదు. ఇక్కడ కాళ్ళు విరిచినట్టు ఉంటుంది. బస్సు లేదు, ఆటో లేదు, నడిచి వెళ్ళేంత దూరంలో ఏదీ లేదు. మా ఆవిడ వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్ళాలి, ఆ మూడు రోజులూ నేను ఇంట్లో బందీ. పాప డాన్స్ క్లాసు, పళ్ళ డాక్టరు, కూరలు, అన్నీ వారం ముందే కాగితం మీద రాసుకునేవాళ్ళం. ఎవరైనా తలనొప్పి అంటే మొదట కాలెండర్ వైపు చూసేవాళ్ళం. మూడు నెలలకే కదా అని మొదలుపెట్టిన ఏర్పాటు పదిహేను నెలలు సాగింది.

ఏప్రిల్‌లో డీలర్‌కి ఫోన్ చేస్తే "ఇంకో ఆరు వారాలు". మేలో "ఇంకో ఆరు వారాలు". ఫ్రిజ్ మీద మా పాప ఒక కాగితం అంటించి తేదీ రాసేది, దాటిపోతే కొట్టేసి కొత్తది రాసేది. జూన్‌లో పెట్రోలు దేశం మొత్తం సగటున గ్యాలన్ 5 డాలర్లు దాటింది. హైబ్రిడ్ కోసం క్యూలో ఉన్నానని చెప్తే ఆఫీసులో వాళ్ళు నన్ను ముందుచూపు ఉన్నవాడిలా చూశారు. ముందుచూపు ఉన్నవాడు అప్పుడు వేరేవాళ్ళ కారులో లిఫ్ట్ అడిగి వెళ్తున్నాడు.

ఏ ఏ ఆర్డరు ఏ వారం తయారీకి వెళ్తుందో చెప్పే మెయిళ్ళు ఎక్కువగా గురువారాలు వస్తాయని తెలిసింది. అది తెలియకపోయినా బాగుండేది. బుధవారం రాత్రి నిద్ర పట్టేది కాదు. గురువారం పొద్దున అయిదింటికే ఫోన్ చూసేవాణ్ణి. అమ్మకి చెప్తే "గురువారమా? బాబా వారం. వస్తుందిలే" అంది. వచ్చింది, బట్టల షాపు డిస్కౌంట్ మెయిల్.

జూలైలో ఆ సేల్స్ కుర్రాడు ఉద్యోగం మానేశాడు. నాకెవరూ చెప్పలేదు. రెండు వారాలు అతనికి మెసేజీలు పెట్టి, చివరికి ఒకరోజు నేరుగా వెళ్ళాను. కొత్తాయన కంప్యూటర్లో పావుగంట వెతికాడు. ఆర్డరు ఉంది. కానీ ముందుకు కదలకుండా కూర్చుంది. నేను ఎంచుకున్న అదనపు ప్యాకేజీలో ఏదో భాగం దొరకడం లేదట. అది తీసేస్తే అవకాశం పెరిగేదట. ఎప్పటి నుంచి దొరకడం లేదు అని అడిగితే "ఫిబ్రవరి నుంచి అనుకుంటా" అన్నాడు. అయిదు నెలలుగా ఒక్క ఫోన్ చేసి "ఇది తీసేద్దామా?" అని అడిగి ఉంటే చాలు. ఆ ప్యాకేజీలో ఏముందో నాకే గుర్తు లేదు.

ఆ ఆదివారం ఇదంతా నాన్నకి చెప్పి బాధపడ్డాను. ఆయన విని, తన స్కూటర్ సంగతి ఎత్తారు. పెళ్ళికి ముందు బుక్ చేస్తే నేను పుట్టాక వచ్చిన బజాజ్ చేతక్ అది. ఆ కథ నేను చిన్నప్పటి నుంచి వందసార్లు విన్నాను. ఏడేళ్ళు ఆగారు, రోజూ బడికి సైకిల్ మీదే వెళ్ళారు, అంతవరకు తెలుసు. ఈసారి నేను ఒక మాట అడిగాను.

"ఏడేళ్ళు ఎలా ఆగావు నాన్నా? పిచ్చెక్కలేదా?"

"ఎందుకెక్కుతుందిరా? నంబరుండేది కదా."

"నంబరేంటి?"

"సీరియల్ నంబరు. ఎప్పుడిస్తారు అని ఎవడూ అడిగేవాడు కాదు. అడిగితే వాడేం చెప్తాడు, వాడికే తెలియదు. గుంటూరు వెళ్ళినప్పుడు ఎన్నో నంబరు దాకా వచ్చిందని అడిగేవాళ్ళం. ఈ ఏడాది ఇంత జరిగింది, మనకి ఇంకా ఇంతమంది ముందున్నారు, అంతే. లెక్క తెలిసిపోతే ఇంకేముంది, సైకిల్ తొక్కుకోవడమే."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కూర్చుండిపోయాను. ఎందుకంటే నాకు నంబరంటే ఏమిటో బాగా తెలుసు. ఇక్కడున్న తెలుగువాళ్ళలో సగంమందికి తెలుసు. గ్రీన్‌కార్డ్ లైన్లో మాకందరికీ ప్రయారిటీ డేట్ ఉంటుంది, అంటే లైన్లో ఎప్పుడు చేరామో చెప్పే తేదీ. ఏ దేశంలో పుట్టినవాళ్ళకైనా ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న చట్టం వల్ల మన లైను పొడవు. ప్రతి నెలా అమెరికా ప్రభుత్వం వేసే వీసా బులెటిన్‌లో ఏ తేదీ దాకా వచ్చిందో చెప్తారు. నాది 2015 మార్చి. ఏడేళ్ళుగా ఆ లైన్లో ఉండి కూడా నేను రోజూ మామూలుగా అన్నం తింటున్నాను. మరి ఎనిమిది నెలల ట్రక్కు కోసం నిద్ర ఎందుకు పోతోంది? ఆ లైన్లో నేనెక్కడున్నానో తెలుసు. ఈ లైన్లో తెలియదు. అసలు లైను ఉందో లేదో కూడా తెలియదు.

అప్పుడు కాస్త కూర్చుని ఇక్కడ బండి ఆర్డరు ఎలా నడుస్తుందో తెలుసుకున్నాను. ఇంతకాలం నేననుకున్నదేమిటంటే, దేశమంతా ఒక పెద్ద లైను ఉంటుంది, ముందు కట్టినవాడికి ముందు వస్తుంది. అలా ఉండదు. ఒక్కో డీలర్‌కి ఇన్ని బండ్లని కోటా ఉంటుంది. ఆ డీలర్ దగ్గర ఉన్న ఆర్డర్లలో ఏది ముందుకు వెళ్ళాలో డీలరే ఒక ప్రయారిటీ నంబరు వేస్తాడు. నంబరు ఎంత చిన్నదైతే అంత ముందు. కోటా ఎక్కువగా ఉన్న డీలర్ దగ్గర నిన్న కట్టినవాడికి, కోటా తక్కువున్న చోట ఏడాది కింద కట్టినవాడికంటే ముందు రావచ్చు. దొరకని భాగం ఏదైనా నీ ఆర్డర్లో ఉంటే నీ నంబరు ఎంత చిన్నదైనా నువ్వు పక్కకి జరుగుతావు. అంటే రేషన్ షాపు లాంటిది. బియ్యం ఉన్నాయా అన్నది ఒక ప్రశ్న, ఈ షాపుకి ఎన్ని బస్తాలొచ్చాయన్నది ఇంకో ప్రశ్న, చీటీ ఎవరి దగ్గర ఆగిందన్నది మూడో ప్రశ్న. నేను ఎనిమిది నెలలుగా "భోజనం ఎప్పుడు?" అని అడుగుతున్నాను.

మర్నాడు డీలర్‌కి వెళ్ళి మూడు ప్రశ్నలు అడిగాను. నెలకి మీకు ఎన్ని మావెరిక్ హైబ్రిడ్‌లు వస్తున్నాయి? నా ముందు ఎంతమంది ఉన్నారు? నా ఆర్డరుకి మీరు వేసిన ప్రయారిటీ ఎంత? కొత్తాయన మొహం మారింది. మేనేజర్‌ని పిలిచాడు. మేనేజర్ మొదటి రెండిటికీ జవాబు చెప్పలేదు. మూడోదానికి చెప్పాడు, అన్నిటికన్నా కిందిది. ఎవరో వెయ్యడం మర్చిపోతే అలా ఉండిపోతుందట. పైగా, 2022 బండ్ల కోటా అయిపోతోందని, మిగిలినవాళ్ళు 2023 మోడల్‌కి మార్చుకోవాలని, అప్పుడు తమ షాపు తరఫున ధర మీద 5,000 డాలర్లు పైన ఉంటాయని చెప్పాడు. దానికి ఇక్కడ మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ అని ముద్దు పేరు.

నాన్నకి చెప్తే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అంటే బ్లాకులో అమ్ముతున్నాడన్నమాట."

డిపాజిట్ వెనక్కి తీసుకున్నాను. అది నా అకౌంట్లో పడడానికి ఇంకో నెల పట్టింది, అదొక కథ, వదిలేద్దాం.

తర్వాత పదిహేను డీలర్లకి ఫోన్ చేశాను. అందరినీ అవే ప్రశ్నలు. ఎక్కువమంది "సార్, మీరు డిపాజిట్ కట్టండి, మేం చూసుకుంటాం" అన్నారు. దక్షిణాన వేకో వైపు, మాకు రెండు గంటల దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఫోన్ ఎత్తినావిడ మాత్రం "ఒక్క నిమిషం ఉండండి" అని కాగితాలు తిరగేసింది. "మాది చిన్న షాపు. నెలకి ఒకటి, ఒక్కోసారి రెండు వస్తాయి. ఇప్పటికి ఆరుగురున్నారు. మీరు ఏడో వారు. పైన ఒక్క డాలరు తీసుకోం. తేదీ మాత్రం అడగొద్దు, చెప్పను" అంది. ఇంత మంచి మాట ఆ ఏడాదంతా నాకెవరూ చెప్పలేదు. వెంటనే కట్టేశాను.

2023 మోడల్ ఆర్డర్లు సెప్టెంబర్ మధ్యలో తెరిచారు. వారం రోజుల్లోనే హైబ్రిడ్‌కి మూసేశారు, అంత తోపులాట. మొదలు ధర 19,995 నుంచి 22,195కి పెరిగింది. ఆవిడ ముందే నా కాగితాలన్నీ సిద్ధం చేసి మొదటిరోజే పంపేసింది. అదనపు ప్యాకేజీలేవీ పెట్టలేదు. "ఏది వద్దంటే తొందరగా వస్తుందో చెప్పండి, అది వద్దు" అన్నాను. రంగు విషయంలో కూడా అంతే. పాపకి ఎరుపు కావాలని ఉంది. బూడిద రంగుకి ఒప్పించడానికి రెండు ఐస్‌క్రీములు ఖర్చయ్యాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే గ్రీన్‌కార్డ్ లైను కూడా నన్ను ఏడిపించింది. వేసవిలో మా క్యాటగిరీ తేదీ 2014 డిసెంబర్ 1 దాకా వచ్చింది. నాకు ఇంకా మూడు నెలలే. ఫొటోలు తీయించుకున్నాం, మెడికల్ టెస్టులు ఎక్కడ చేస్తారో కనుక్కున్నాం. అక్టోబర్ బులెటిన్‌లో ఆ తేదీ 2012 ఏప్రిల్ 1కి వెనక్కి వెళ్ళిపోయింది. లైను వెనక్కి నడవడం మన రేషన్ షాపులో కూడా ఉండదు. ట్రక్కు కూడా అప్పుడే మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలు. విచిత్రమేమిటంటే మొదటి రెండు రోజుల తర్వాత నాకు పెద్దగా బాధనిపించలేదు. రెండిట్లోనూ నా స్థానం తెలుసు. ఒకదాన్లో ఏడో వాణ్ణి, ఇంకోదాన్లో చాలా వెనక.

నవంబర్ నుంచి కొత్త భయం. పెద్ద పెద్ద టెక్ కంపెనీల్లో వేలమందిని తీసేస్తున్నారు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. ఆ లోపల వేరే ఉద్యోగం చూసుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. అలాంటప్పుడు ట్రక్కేమిటి అనిపించింది. ఇంకోవైపు అప్పు మీద వడ్డీ. నేను మొదట ఆర్డరిచ్చినప్పుడు కారు లోను మా క్రెడిట్ యూనియన్‌లో 3 శాతం లోపే దొరికేది. అమెరికా రిజర్వ్ బ్యాంకు 2022 మార్చి నుంచి వడ్డీ పెంచుతూనే ఉంది. డిసెంబర్‌లో అడిగితే 6 దగ్గర చెప్పారు. ధర పెరిగింది, వడ్డీ పెరిగింది, ఉద్యోగం మీద నమ్మకం తగ్గింది. ఆగినందుకు నేను కట్టిన మూల్యం ఇదీ. ఓపిక పడితే మంచే జరుగుతుందని ఎవరైనా చెప్తే వాళ్ళకి ఈ లెక్క చూపిస్తాను.

క్రిస్మస్ సెలవుల్లో ఒకరోజు తట్టుకోలేక దగ్గర్లో ఒక డీలర్ దగ్గరికి వెళ్ళాను. అక్కడ పెట్రోలు ఇంజిను మావెరిక్ ఒకటి సిద్ధంగా ఉంది. ధర మీద 6,000 పైన. నడిపి చూశాను. బాగుంది. సంతకం పెట్టేద్దామనుకుని మా ఆవిడకి ఫోన్ చేశాను.

"ఏడాదిగా ఆగాం కదా, ఇప్పుడు వదులుకుంటే ఎలా అనుకుంటున్నావేమో" అన్నాను నేనే.

"నేనలా అనుకోవట్లేదు. ఆగిన ఏడాది ఎలాగూ పోయింది, దాని లెక్క వద్దు. ఈ రోజే కొత్తగా కొంటున్నామనుకోండి, ఈ బండికి ఆ రేటు పెడతారా?"

పెట్టను.

"మరి ఇంటికొచ్చెయ్యండి. కారు నాకు కావాలి."

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఒక గడువు పెట్టుకున్నాం. ఫిబ్రవరి ఆఖరుకి మా బండికి వారం ఖరారు కాకపోతే ఆర్డరు వదిలేసి, ఏదో ఒక పాత కారు కొనుక్కుంటాం. ఈ తేదీని ఇంకెవరూ జరపలేరు, అది మాది. ఫ్రిజ్ మీద కాగితం తీసి పాప చేత అదొక్కటే రాయించాం. మర్నాటి నుంచి గురువారం పొద్దున నాకు ఏడింటి దాకా మెలకువ రాలేదు.

జనవరి మూడో వారంలో వేకో ఆవిడ ఫోన్ చేసింది. "మీ ముందు ఇంక ఎవరూ లేరు" అంది. నలుగురికి వచ్చేశాయి, ఇద్దరు విసిగి వదిలేశారు. ఆ తర్వాత వారానికి మార్చి 13 వారంలో తయారీ అని మెయిల్ వచ్చింది, బండిని గుర్తుపట్టే విన్ నంబరు కూడా వచ్చింది. పదిహేడు అంకెలు, అక్షరాలు. పాప దాన్ని బట్టీ పట్టేసింది.

ఉగాది మార్చి 22న. కొత్త బండి మీద పచ్చడి తినొచ్చని లెక్కేశాం. తయారీ ఏప్రిల్ 10 వారానికి జరిగింది. ఏ భాగం రాలేదో ఏమో. అంతకుముందు ఏడాదైతే ఆ రోజు ఇంట్లో అన్నం ఉడికేది కాదు. ఈసారి నేను ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందా అని తిరిగాను, అదీ ఒకరి కారు అడుక్కుని.

ఈ బండ్లన్నీ తయారయ్యేది మెక్సికోలో, సొనోరా రాష్ట్రంలోని హెర్మొసీయో అనే ఊళ్ళో. అరిజోనా సరిహద్దుకి దక్షిణాన, ఎడారిలో. ఇప్పుడు ఆ ఊరి వాతావరణం నాకు తెనాలి కంటే బాగా తెలుసు. ఏప్రిల్ 12న తయారైందని మెయిల్. ఆ తర్వాత నాలుగు వారాలు దాని సంగతి ఏమీ తెలియదు. ఏ యార్డులో ఉందో, ఎక్కడ ఎక్కించారో తెలియదు. వేకో ఆవిడకి ఒక్కసారే ఫోన్ చేశాను. "తయారైన బండి మాయమవదు. దించాక నేనే చేస్తాను" అంది. మే 9న చేసింది.

ఒక స్నేహితుడు తన కారులో దింపాడు. రెండు గంటలూ అతను తన గ్రీన్‌కార్డ్ కష్టాలు చెప్పాడు, నేను ఊ కొట్టాను. షాపు నిజంగానే చిన్నది. ముందు రెండు ట్రక్కులు, ఒక ట్రాక్టరు, పక్కన మాది, దుమ్ము కొట్టుకుని. ఫోన్లో తొమ్మిది నెలలుగా మాట్లాడినావిడకి అరవై దాటి ఉంటాయి. ఒక రూళ్ళ పుస్తకం తీసి చూపించింది. చేత్తో రాసిన పేర్లు, పక్కన నంబర్లు, వచ్చినవాళ్ళ పేర్ల మీద గీత. నా పేరులో రెండు అక్షరాలు తప్పు. ఆవిడ నా ఎదురుగా నా పేరు మీద గీత కొట్టింది. నాన్నకి చూపించాలని దాన్ని ఫొటో తీస్తానంటే మిగతావాళ్ళ పేర్లున్నాయని ఒప్పుకోలేదు.

శనివారం ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడిలో వాహన పూజ చేయించాం. టైర్ల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ, బానెట్ మీద పసుపు కుంకుమ. ముందు ఒక కొత్త టెస్లా, వెనక ఇంకో కొత్త టెస్లా, మధ్యలో మా ట్రక్కు. పంతులుగారు వెనక తొట్టి వైపు చూసి, అక్కడ కూడా ఒక బొట్టు పెట్టారు.

నాన్నకి వీడియో కాల్ చేసి చుట్టూ తిప్పి చూపించాను. టైర్లు చూపించమన్నారు, తొట్టి కొలత చెప్పమన్నారు, తలుపు వేసి శబ్దం వినిపించమన్నారు.

"బాగుందిరా లారీ" అన్నారు చివరికి. కాసేపాగి, "గ్రీన్‌కార్డ్ సంగతి ఏమైంది? ఎప్పుడు..." అని, తనే ఆగారు. "సరే, నీ నంబరెంత?"

"2015 మార్చి."

"ఇప్పుడు ఎంత నడుస్తోంది?"

"2011 జనవరి 1 నాన్నా."

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టడం కనిపించింది. తర్వాత ఫోను అటు తిప్పి అమ్మతో ఏదో అన్నారు, మళ్ళీ ఇటు తిరిగారు.

"సరేలే. షాపు మూసేలోపు వెళ్ళి ఆ మట్టి బస్తాలు తెచ్చుకో."